కర్లర్ల ముసలమ్మా, పసుపు గౌనూ

అరవయ్యారేళ్ళు వచ్చేదాకా ఒడెట్ సిల్వేరాకు సినిమాల మీద చెప్పుకోదగ్గ అభిప్రాయమంటూ ఏదీ లేదు. కూతురు తీసుకువెళితే వెళ్ళేది. సీటు మెత్తగా ఉంటే కునుకు తీసేది. బయటికొచ్చాక ఎవరైనా అడిగితే "బాగుంది" అనేది. అలాంటి మనిషి ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం సినిమా చూసి వచ్చి, కారు తాళాలు వంటగది బల్ల మీద పడేసి, మొగుడితో అన్న మొదటి మాట ఇది:

"నన్ను ముసలిదాన్ని చేశారు, మానీ."

మానీ అసలు పేరు మాన్యుయెల్. డెబ్భై దాటినా భుజాలు వంగలేదు. అతను పేపర్లోంచి తల ఎత్తకుండానే, "ఎవరు?" అన్నాడు.

"సినిమావాళ్ళు."

"వాళ్ళు కొత్తగా చేసేదేముంది..." అని మొదలుపెట్టి, ఇన్నేళ్ళ కాపురం నేర్పిన తెలివితో ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశాడు.

ఆ సినిమా క్విల్‌స్టోన్ అనే కంప్యూటర్ల కంపెనీ పుట్టుక కథ. ఆ కంపెనీ పుట్టింది సన్నీవేల్ ఊళ్ళో, బ్లెన్‌హైమ్ వీధిలో, సరిగ్గా సిల్వేరాల పక్కింటి గ్యారేజీలో. బ్లెన్‌హైమ్ అన్నది ఒక రకం ఆప్రికాట్ పండు. తోటలు కొట్టేయడం, కొట్టేసిన చెట్ల పేర్లు వీధులకు పెట్టుకోవడం ఆ ఊరున్న లోయలో ఆనవాయితీ. గ్యారేజీల్లో కంపెనీలు పుట్టడమూ అంతే. కార్లు బయట ఎండలో మాడుతుంటాయి, లోపల కుర్రాళ్ళు ప్రపంచాన్ని మార్చేస్తుంటారు. ఆ ప్రపంచంలో పక్కిల్లు ఉంటుందని మాత్రం వాళ్ళకు తట్టదు.

సినిమాలో అందరూ చెప్పుకునే ఘట్టం ఒకటుంది. గ్యారేజీలో ఇద్దరు కుర్రాళ్ళు, వారెన్, నీల్. ఎదురుగా పెట్టుబడి పెట్టడానికి వచ్చిన సూటు మనిషి. ఆయన యంత్రాన్ని అటూ ఇటూ చూసి, పెదవి విరిచి, వెళ్ళిపోవడానికి లేస్తాడు. అప్పుడు వారెన్ గొంతు తగ్గించి, రేపటి లోకం గురించి నాలుగు మాటలు చెబుతాడు. ఆ మాటలు పూర్తయ్యీ కాకముందే గ్యారేజీ తలుపు, ఎవరూ ముట్టుకోకుండా, దానంతటది మెల్లగా పైకి లేస్తుంది. ఎండ లోపలికి పొర్లి వస్తుంది. వెనకాల వయొలిన్లు. సూటు మనిషి తిరిగి కూర్చుంటాడు. హాల్లో జేబురుమాళ్ళు బయటికొస్తాయి.

సరిగ్గా అప్పుడే ఆ ఎండలోంచి ఒక ముసలావిడ దిగబడుతుంది. తలనిండా జుట్టును ఉంగరాలు తిప్పే గులాబీరంగు కర్లర్లు, ఒంటి మీద నలిగిన నైటీ, చేతిలో చీపురు. "మీ గోల తగలెయ్య! పోలీసుల్ని పిలుస్తాను!" అని చీపురు ఝళిపిస్తుంది. హాలంతా గొల్లున నవ్వుతుంది. కొత్త లోకానికి తలుపు తెరుచుకుంటే పాత లోకం చీపురు పట్టుకొచ్చిందని పత్రికలవాళ్ళు మెచ్చుకుంటూ రాశారు.

ఆ పాత లోకం తానేనని ఒడెట్‌కు చూసిన క్షణంలోనే అర్థమైంది. ఆ గ్యారేజీకి ఆ పక్కన ఖాళీ స్థలం, ఈ పక్కన సిల్వేరాల ఇల్లు. ఇంకో పక్కింటావిడ ఉండే వీలే లేదు.

ఇక ఊళ్ళో అభిప్రాయాలకు కరువా? క్విల్‌స్టోన్‌లో తొలిరోజుల్లో చేరిన వాళ్ళు, అంటే గుర్తింపు బిళ్ళ మీద చిన్న నంబరున్న పెద్దమనుషులు, పొద్దున్నే డోనట్ల కొట్టు దగ్గర చేరి సినిమాలో తప్పులు ఏరేవారు. బల్ల మీద చూపించిన సర్క్యూటు పలక ఆ ఏడు ఇంకా తయారే కాలేదని ఒకాయన. వారెన్‌కు అంత దవడ ఎప్పుడూ లేదని ఇంకొకాయన. తనను సినిమాలో పెట్టకపోవడమే అన్నిటికన్నా పెద్ద తప్పని ప్రతి ఒక్కాయనా మనసులో. ఒడెట్ కూతురు లూసిండా తానూ కంప్యూటర్ల పనిలోనే ఉంది కాబట్టి, "అంత వేగంగా టైపు చేసేవాడు ఏం ఆలోచిస్తున్నట్టు?" అంది. చర్చిలో ఫాదర్ అన్సెల్మో ఆదివారం ప్రసంగంలోనే ఆ తలుపును ఎత్తుకున్నాడు. దైవకృప అలాగే వస్తుంది, తలుపు తట్టకుండా, అని.

ఆ తలుపు మీద ఒడెట్‌కు ఏ అభిప్రాయమూ లేదు. ఆమెకు తెలిసింది ఉంది. దాని సంగతి తర్వాత. ఆమె బాధంతా కర్లర్ల గురించి.

"ఆ ఏడు నా వయసు ముప్పై మూడు," అంది ఎదురింటి విల్మా పచెకోతో. ఇద్దరూ మెడలోతు నీళ్ళలో మునిగి, చేతులు చాచి ముంచుతూ ఉన్నారు. ఈతకొలనులో పెద్దవాళ్ళ వ్యాయామం అది. "ముప్పై మూడు, విల్మా. వాళ్ళు పెట్టిన ఆవిడకు డెబ్భై ఉంటాయి."

"కానీ బాగా చేసింది," అంది విల్మా. "చీపురు పట్టుకోవడం చూశావా, అచ్చం నీలాగే."

"నేను చీపురు పట్టుకోవడం నువ్వెప్పుడు చూశావు?"

"అదే అంటున్నాను. నీ వాకిలి చూస్తే తెలుస్తుందిగా."

విల్మా అలాంటిదే. ఇద్దరూ శాన్ హోసేలో ఒకే వీధిలో పుట్టి, చిన్నతనంలో సెలవులు వస్తే ఆప్రికాట్ షెడ్లలో పక్కపక్కన నిలబడి పళ్ళు కోసినవాళ్ళు. పండును చుట్టూ కోసి, రెండు చెక్కలుగా తిప్పి, గింజ తీసి, పళ్ళెంలో వెల్లకిలా పరచడం. వేళ్ళు సాయంత్రానికి నారింజరంగుకు తిరిగేవి. ఒడెట్ తర్వాత బడి వంటశాలలో చేరి, పాతికేళ్ళు పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించింది. కొన్ని వేలమంది ఊరి పిల్లలు ఆమె చేతి మాకరోనీ తిని పెరిగారు. ఆ పిల్లలే ఇప్పుడు పెద్దవాళ్ళై, కిరాణా కొట్లో వరసలో నిలబడి, "మిసెస్ సిల్వేరా, ఇవాళ కర్లర్లు పెట్టుకోలేదేం?" అంటున్నారు.

కర్లర్ల ముచ్చటలో ఇంకో అన్యాయం ఉంది. ఒడెట్ జుట్టు పుట్టుకతోనే ఉంగరాల జుట్టు. అసోర్ దీవుల నుంచి వచ్చిన నాయనమ్మ పోలిక. పెళ్ళి కాకముందు ఆ ఉంగరాలు పోగొట్టుకోవడానికి ఇస్త్రీ బల్ల మీద తల పెట్టి, విల్మా చేత జుట్టును ఇస్త్రీ చేయించుకున్న మనిషి. ఒకసారి చెవి కూడా కాలింది. జీవితంలో ఎన్నడూ కర్లరు కొననిదాన్ని కర్లర్లతోనే లోకానికి పరిచయం చేశారు.

అందుకే ఊరి పాత సినిమా హాల్లో, ఆదివారం మధ్యాహ్నం ఆట అయ్యాక, సినిమా మీద చర్చ పెడుతున్నామనీ, కథ రాసినతను వస్తున్నాడనీ, క్విల్‌స్టోన్ పెట్టిన ఇద్దరిలో నీల్ ఓస్టర్‌మన్ వస్తున్నాడనీ, "నిజమైన పక్కింటావిడ"గా నువ్వూ వేదిక మీద కూర్చోవాలనీ విల్మా వచ్చి చెప్పినప్పుడు, ఒడెట్ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"కూర్చుంటాను. నా వయసు నాకు తిరిగి ఇప్పించుకుంటాను."

చర్చను నడిపించేది విల్మాయే. గ్రంథాలయ సంఘం అధ్యక్షురాలు.

అయితే ఒక చిక్కుంది. తలుపు సంగతి ఇప్పుడు చెప్పాలి.

మానీది గ్యారేజీ తలుపులు బిగించే వ్యాపారం. ఆ లోయలో సగం తలుపులు అతని చేతి మీదే లేచాయి. తెల్లటి వ్యాను మీద ఎర్రటి అక్షరాలతో రాయించుకున్నాడు: "సిల్వేరా తలుపు మీ మాటే వింటుంది." ఊరికే రాయించుకోలేదు. కార్లోంచే బటను నొక్కితే లేచే తలుపులవి. ఆ రోజుల్లో వాటి రిమోట్ల లోపలా, తలుపును ఎత్తే యంత్రంలోనూ చిన్న చిన్న మీటలు వరసగా ఉండేవి. ఒక ఇంటి మీటల వరస ఇంకో ఇంటికి పెట్టకూడదు. పెడితే ఒకరి బటనుకు ఇద్దరి తలుపులూ లేస్తాయి. తొందరపాటు మనుషులు ఆ పొరపాటు చేస్తుండేవారు. అలాంటివాళ్ళ పేరెత్తితే మానీ భోజనం బల్ల దగ్గర ఫోర్కు కింద పెట్టి మరీ తిట్టేవాడు. "తలుపు బిగించేవాడా వాడు? ఊరంతటికీ తాళంచెవి పంచేవాడు."

ఆ మానీయే పక్కింటి ముసలి యజమాని అడిగితే వెళ్ళి, కుర్రాళ్ళు అద్దెకున్న ఆ గ్యారేజీకీ కొత్త తలుపు బిగించాడు. తమ ఇంటి తలుపుకు యంత్రం తెచ్చిన పెట్టెలోంచే రెండోదీ తీశాడు. మీటలు మార్చడం మరిచిపోయాడు.

అది మొదట తెలిసింది ఒడెట్‌కు. అది కూడా ఎలాంటి రోజున! శాన్ హోసేలో మేనకోడలి పాపకు బాప్తిజం. ఒడెట్ కొత్త పసుపు గౌను కుట్టించుకుంది, నడుము దగ్గర బిగుతుగా. విందు అయ్యాక కుర్చీలు మోయడానికి మానీ చర్చి హాల్లో ఉండిపోతే, ఆమె ఒక్కతే కారు తోలుకొచ్చింది. పక్క సీట్లో పండగ తీపి రొట్టె. వాకిట్లోకి తిప్పి బటన్ నొక్కింది. తమ తలుపు లేచింది. పక్కన ఇంకేదో కూడా కిర్రుమంది. తల తిప్పి చూస్తే పక్కింటి తలుపు తెర లేచినట్టు లేస్తోంది. లోపల సూటు వేసుకున్న పెద్దమనిషి, లాగుతో వారెన్, గిన్నెలోంచి నేరుగా అన్నం... అన్నం కాదు, పాలల్లో నానిన అటుకుల్లాంటివి తింటున్న నీల్. ముగ్గురూ ఎండకు కళ్ళు చికిలించి ఆమెనే చూస్తున్నారు.

ఆమె గబగబా కారు లోపల పెట్టి, రొట్టెలో సగం కోసి పళ్ళెంలో పెట్టుకుని, క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళింది. తీరా వెళ్ళాక, ఆ సూటాయన, "భలే సమయానికి తెరుచుకుంది మీ తలుపు," అని కుర్రాళ్ళ భుజం తట్టి నవ్వుతుంటే, ఆమె క్షమాపణ మింగేసి పళ్ళెం చాచింది. "రొట్టె తినండి" అంది. ఆయన రెండు ముక్కలు తిన్నాడు.

అంతటితో ఆగితే ఆమె ఒడెట్ ఎందుకవుతుంది? మర్నాటి నుంచి, వాకిట్లో కారు ఆపినప్పుడల్లా, ఊరికే, ఇంకోసారి నొక్కేది. ఒకసారి తలుపు లేచేసరికి వారెన్ పాప్ పాట పాడుతూ టేబుల్ ల్యాంపుతో డ్యాన్సు చేస్తున్నాడు. ఇంకోసారి నీల్ బకెట్లో తల రుద్దుకుంటున్నాడు. ఆమె స్టీరింగు మీద తల వాల్చి, శబ్దం రాకుండా నవ్వుకునేది. కొన్నాళ్ళకు ఆ బటను పక్కింటి తలుపును ఎత్తడం మానేసింది. కుర్రాళ్ళే ఏదో మార్చుకుని ఉంటారనుకుంది.

మానీకి చెప్పలేదు. ఎలా చెబుతుంది? వ్యాను మీద ఎర్ర అక్షరాలు ఆరకముందే, వాటికి అర్థం లేకుండా పోయిందని చెబుతుందా? ఇవాళ రేపు అంటూ దాటవేసింది. అలా ముప్పై ఏళ్ళు దాటాయి.

కాబట్టి చర్చ రోజున చెప్పాల్సినదేదో, చెప్పకూడనిదేదో ముందే తేల్చుకుంది. ముప్పై మూడేళ్ళ వయసు చెప్పాలి. పుట్టుకతో వచ్చిన జుట్టు చెప్పాలి. పసుపు గౌను చెప్పాలి. తలుపు జోలికి మాత్రం పోకూడదు. పాత గౌనులో ఇప్పుడు ఆమె ఒక చెయ్యి మాత్రమే పడుతుంది. అందుకని పసుపు స్వెట్టరు కొనుక్కుంది.

"పెళ్ళికెళుతున్నావా?" అన్నాడు మానీ.

"కోర్టుకు," అంది ఒడెట్.

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో చిన్న నంబర్ల పెద్దమనుషులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మూడో వరసలో మానీ, అతని చుట్టూ అతని చేత తలుపులు బిగించుకున్న ఊరు. వేదిక మీద నాలుగు కుర్చీలు, వాటి ముందో బల్ల. కథ రాసిన జారొడ్ పైక్ సన్నగా, మర్యాదగా, కాలి మీద కాలేసుకుని ఉన్నాడు. నీల్ ఓస్టర్‌మన్ ఇప్పుడు బాగా లావయ్యాడు, చెవిలో వినికిడి యంత్రం. ఇంత డబ్బున్నవాడు ఇంత బిడియపడతాడా అనిపించేట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఒడెట్‌ను చూసి తల పంకించాడు.

చర్చ తలుపు దగ్గరే మొదలైంది.

ఫాదర్ అన్సెల్మో లేచి దైవకృప అన్నాడు. ఒక చిన్న నంబరాయన లేచి, వాతావరణంలో విద్యుత్తు ఎక్కువైతే అలా జరగవచ్చని, తాను దాని మీద లెక్కలు వేశానని అన్నాడు. వెనక వరసలో ఒకమ్మాయి, తలుపు అంటే అసలు తలుపు కాదు అంది. "మరేమిటి?" అని విల్మా అడిగితే, "అదే కదా చర్చ," అంది. జారొడ్ అన్నిటికీ చిరునవ్వు నవ్వి, ఆ ప్రశ్నకు తాను కావాలనే జవాబివ్వలేదన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఒడెట్ తన వంతు కోసం చూస్తూ స్వెట్టరు సర్దుకుంటోంది. ఇంతలో మూడో వరసలో కుర్చీ కిర్రుమంది. మానీ లేచి నిలబడ్డాడు.

"తలుపులు వాటంతటవి లేవవు," అన్నాడు. మైకు ఇవ్వబోతే అక్కర్లేదన్నాడు. "నేను నా జన్మంతా తలుపులే బిగించాను. ఆ తలుపు కూడా నేనే బిగించాను."

జారొడ్ కాలి మీది కాలు తీసేసి ముందుకు వంగాడు.

"అయితే మీరే చెప్పండి, సార్. ఆ రోజు అదెలా తెరుచుకుంది?"

"ఆ రోజు నేను శాన్ హోసేలో కుర్చీలు మోస్తున్నాను. నాకేం తెలుసు? ఇంటి దగ్గర ఉన్నది నా భార్య. ఆవిణ్ణి అడగండి."

విల్మాకు ఇలాంటివంటే ప్రాణం. "అవును కదా," అంది మైకులో. "ఒడెట్, నువ్వు అక్కడే ఉన్నావుగా. చెప్పవే. ఎలా తెరుచుకుంది?"

అందరూ ఆమె వైపు తిరిగారు. ఒడెట్ మొగుణ్ణి చూసింది. గడ్డం పైకెత్తి, పెళ్ళి ఫొటోలోలాగ నిటారుగా నిలబడి ఉన్నాడు వెర్రి మనిషి. తన గోతిని తానే తవ్వి, అంచున నిలబడి, లోతెంతుందో నన్ను చెప్పమంటున్నాడు, అనుకుంది. నిజం చెబితే అన్నీ వస్తాయి. వయసు వస్తుంది, గౌను వస్తుంది, బటను వస్తుంది. బటను వస్తే ఊరంతటికీ తాళంచెవి పంచినవాడు ఎవరో ఈ హాల్లో అందరికీ తెలుస్తుంది.

"నేనే ఎత్తాను," అంది.

"ఎలా?" అన్నాడు జారొడ్.

"చేత్తో. ఒకటే గోల. నిద్ర పట్టలేదు. తలుపు కింద చీపురు కర్ర దూర్చి పైకి లేపాను."

జారొడ్ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. "చీపురుతో? నేను చీపురును ఊహించి రాశానండీ. అయితే... కర్లర్లు కూడా?"

ఒడెట్‌కు ఇస్త్రీ బల్ల గుర్తొచ్చింది. కాలిన చెవి గుర్తొచ్చింది.

"కర్లర్లు కూడా," అంది. "గులాబీరంగువి."

హాలు పగలబడి నవ్వింది. చప్పట్లు ఆగలేదు. విల్మా మాత్రం నోరు తెరిచి చూస్తోంది. ఒడెట్ తలలో కర్లరు ఉండడమంటే చేపకు గొడుగు పట్టినట్టని ఆమెకు తెలుసు. ఆమె ఏదో అనబోయేసరికి, ఒడెట్ బల్ల కింద ఆమె పాదం మీద మడమ పెట్టి నొక్కింది.

నవ్వులు తగ్గుతుండగా నీల్ ఓస్టర్‌మన్ మైకు దగ్గరికి వంగాడు.

"ఆవిడ చెప్పింది కాదనడానికి నేనెవర్ని," అన్నాడు. "కానీ నాకు కర్లర్లు గుర్తులేవు. నాకు గుర్తున్నది పసుపు గౌను. తీపి రొట్టె. ఆవిడ మాకంటే కొంచెమే పెద్ద. ఉంగరాల జుట్టు. ఆవిడ వెళ్ళాక ఆ వారమంతా వారెన్ ఒక్క తీగ కూడా సరిగ్గా అతకలేదు. మా మొదటి యంత్రాలు ఎందుకు పాడయ్యాయని ఇన్నేళ్ళూ అందరూ అడిగారు. ఇదీ కారణం."

చిన్న నంబర్ల పెద్దమనుషులు ఒక్కసారిగా అటు తిరిగారు. ఇది వాళ్ళకూ తెలియని సంగతి.

"మరి తలుపు?" అన్నాడు జారొడ్, కొంచెం కంగారుగా. "తలుపు ఎలా తెరుచుకుంది?"

"తలుపా?" అన్నాడు నీల్. ఒడెట్ వైపు చూడకుండా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "తలుపు వైపు ఎవరు చూశారు?"

ఇంటికి వెళ్ళేటప్పుడు మానీ కారు నడిపాడు. దారి పొడుగునా గ్యారేజీ తలుపుల వంకే చూస్తున్నాడు. ఒడెట్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, లోలోపల ఏదో పాట పాడుకుంటోంది.

"చీపురుతో ఎత్తావా?" అన్నాడు చివరికి. "నేను బిగించిన తలుపును?"

"ఎత్తాను."

"ఆ తలుపు ఇద్దరు మగాళ్ళు మోస్తేగాని లేవదు."

"అప్పట్లో ఒంట్లో బలం ఉండేది."

మానీ ఇంకో మలుపు తిప్పాడు. "ఆ బటను కొన్నాళ్ళకు పనిచేయడం మానేసింది, అవునా?"

ఒడెట్ పాట ఆగిపోయింది. మెల్లగా ఇటు తిరిగింది.

"ఏ బటను?"

"నేను మన ఇంటి కప్పు మీదికెక్కి ఆకులు ఏరుతున్నాను. నువ్వు వాకిట్లో కారాపి, నొక్కి, స్టీరింగు మీద పడి నవ్వుతున్నావు. పైనుంచి అన్నీ కనబడతాయి. మర్నాడు వాళ్ళు పిజ్జాకు వెళ్ళగానే మన బటనుతోనే లోపలికెళ్ళి, నిచ్చెన వేసుకుని మీటలు మార్చేశాను."

"నీకు తెలుసా?" అంది. "ఇన్నేళ్ళూ నీకు తెలుసా?"

"తెలియకపోతే బిగించినవాడినెందుకవుతాను?"

"మరి ఇవాళ ఎందుకు లేచావయ్యా, అందరి ముందూ?"

"నువ్వు నిజం చెబుతావని. కర్లర్లు, కర్లర్లు అని వేసవంతా నా ప్రాణం తోడేశావుగా. నాకింక పేరుతో పనేముంది? వ్యాను కూడా అమ్మేశాం. ఒక్కసారి నవ్వుతారు, పోతుంది అనుకున్నాను. నువ్వేమో వెళ్ళి చీపురెత్తుకున్నావు."

"ముందే ఒక మాట చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పావా?"

ఒడెట్ ముక్కు ఎగబీల్చి, స్వెట్టరు చేతితో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ బయటికి చూసింది. బ్లెన్‌హైమ్ వీధి వచ్చింది. పక్కింటి ముందు ఎవరో ఇద్దరు పరాయి మనుషులు నిలబడి ఆ తలుపును ఫొటోలు తీసుకుంటున్నారు. మానీ తమ వాకిట్లో కారు ఆపాడు. ఒడెట్ బటన్ నొక్కింది. తమ తలుపు ఒక్కటే లేచింది.

"ఒక్క సంగతి అడుగుతాను," అన్నాడు మానీ.

"అడుగు."

"బాప్తిజం పొద్దున్నే అయిపోయింది. నేను కుర్చీలన్నీ మోసి ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. అప్పటికీ నీ పెదాల మీద లిప్‌స్టిక్కు కొత్తగా పూసుకున్నట్టు నిగనిగలాడుతోంది. రొట్టె ఇచ్చి రావడానికి లిప్‌స్టిక్కెందుకే?"

ఒడెట్ అతన్ని కాసేపు తేరిపార చూసింది. తర్వాత కారు దిగి, తలుపు కిందుగా గ్యారేజీలోకి నడిచి, అక్కడ నిలబడి, చేతిలో ఉన్న బటన్ మళ్ళీ నొక్కింది. వాళ్ళింటికి ఆ రిమోటు ఒక్కటే. ఇంటి వీధి తలుపు తాళాలు కూడా ఆమె సంచీలోనే ఉన్నాయి. తలుపు నిదానంగా, ఏ తొట్రుపాటూ లేకుండా దిగడం మొదలుపెట్టింది. ముందు ఆమె ఉంగరాల జుట్టు కనుమరుగైంది, తర్వాత పసుపు స్వెట్టరు, చివరికి చెప్పులు.

మానీ కారు దిగి వెళ్ళి తలుపు మీద కొట్టాడు. ఫొటోలు తీసేవాళ్ళు ఇటు తిరిగి చూస్తున్నారు.

"ఒడెట్. తలుపు తియ్యి."

లోపలి నుంచి జవాబు వచ్చింది.

"చీపురు తెచ్చుకో."